నడిచింది ఏ డిస్కు?

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో జిరాక్స్, డీటీపీ దుకాణం ఉంది. పెండ్లి పత్రికలు, శివరాత్రికి ఏడుపాయల జాతర కరపత్రాలు, డిసెంబరు వస్తే చర్చి కూడికల పాంప్లెట్లు అక్కడే తయారవుతాయి. మెదక్‌లో డిసెంబరు ఎట్లుంటుందో చూసినవాళ్లకే తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన పెద్ద చర్చికి ఊళ్లకు ఊళ్లు తరలివస్తాయి. 2025లో ఆ పండగకు వారం ఉందనగా ఆ దుకాణంలోని ఒకే ఒక్క కంప్యూటర్ ఆగిపోయింది. నల్లటి తెర, దాని మీద ఒక తెల్లటి వాక్యం. సరైన బూట్ డిస్కు పెట్టి మళ్లీ మొదలుపెట్టమంటుంది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

నేను ఆధార్ జిరాక్సుకు పోయి అక్కడే ఇరుక్కుపోయాను. దుకాణం నడిపే ఆమె ఊరందరికీ అక్క. రిపేరుకు వచ్చిన యువకుడు ఆమెకు తమ్ముడు. వాళ్ల వాదన గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నడుమ వచ్చిన "అక్కా, రెండు కాపీలు" అనే కేకలు, మూడుసార్లు వచ్చిన చాయ్ తీసేశాను.

తమ్ముడు: అక్కా, ఫార్మాట్ కొడుదాం. ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగ విండోస్ ఎక్కిస్త. పాత హార్డ్‌డిస్కును గుడ సాఫ్ చేసి డీ డ్రైవ్ లెక్క పెడ్త. రెండు గంటల పని, ఖతం.

అక్క: బోరు మోటరు నడుస్తలేదంటే బోరు పూడ్చి కొత్తది ఏస్తమన్నట్టుంది నీ ముచ్చట. ఏమైందో చూసినవా?

తమ్ముడు: ఏమైతేంది? ఫార్మాట్ కొడ్తే ఏదున్నా పోతది.

అక్క: నాది గుడ పోతది. ఈ డబ్బాల పదకొండేండ్ల పని ఉన్నది. పేజ్‌మేకర్ సీడీ ఎటువోయిందో ఎరుకలేదు. అను ఫాంట్లు ఎక్కిచ్చినాయన ఇప్పుడు దుబాయిల ఉన్నడు. ప్రింటర్‌ను, వేలిముద్ర మిషన్‌ను సెట్ చెయ్యనీకెనే నాకు ఒక దసర పోయింది.

తమ్ముడు: డాటా అంతా కాపీ చేసే ఇస్త గదక్కా.

అక్క: డాటా ఉంటె సరిపోతదా? దాన్ని తెరిచే సామాను ఉండొద్దా? తాళంచెయ్యి పారేసి పెట్టె ఇస్తనంటవు.

ఇది డీటీపీ చేసినవాళ్లకు వెంటనే అర్థమయ్యే బాధ. అను ఫాంట్లు యూనికోడ్ కంటే ముందటి పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే కుర్చీల్లో తెలుగు ఒత్తులను, గుణింతాలను కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం అన్నీ కలిసి తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలవుతాయి. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001 నాటిది. ఆ తర్వాత ఎనిమిది రాలేదు. అయినా తెలుగు జిల్లాల్లో ఎన్నో పెండ్లిళ్లు దాని మీదుగానే జరుగుతున్నాయి.

తమ్ముడు: నా బాధ గుడ ఇనక్కా. ఫార్మాట్ కొడ్తే ఐదొందలిస్తరు. నాలుగ్గంటలు కూసొని కారణం దొరికిచ్చుకుంటె, "ఒక్క బటనే గద నొక్కినవ్" అంటరు, చాయ్ తాపి పంపుతరు. ఫార్మాట్‌ల చెత్త పోతది, వైరస్ పోతది, డబ్బా ఉరుకుతది. నా పేరు నిలుస్తది. ఎతుకుతె దొరుకుతదన్న గ్యారంటీ ఎవలిస్తరు?

అక్క: పైసల సంగతి తర్వాత. ముందుగాల నువ్వు ఏం చేసినవో మొదటికెల్లి చెప్పు.

తమ్ముడు: సోమవారం చెప్పినవ్, డిస్కు టిక్కుటిక్కుమంటుందని. సికింద్రాబాద్ సీటీసీల 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చిన. నీది 500 జీబీది, మొత్తం క్లోన్ చేస్తె పట్టదు. అందుకే సీ ఒక్కటే క్లోన్ చేసిన. డీ పాతదాంట్లనే ఉండనీ అని రెండూ డబ్బాల బిగిచ్చిన. మా దుకాణంల నీ ముంగటనే ఆన్ చేసి చూపిచ్చిన గద. ఈ డ్రైవ్ తెరిచిన, నీ ఫోల్డర్లు, ఫోటోలు అన్నీ మంచిగ కనిపిచ్చినయ్.

అక్క: ఈ అంటె?

తమ్ముడు: ఎస్‌ఎస్‌డీ అక్కా. దానికి ఈ అని వచ్చింది.

అక్క: ఆగు. ఎస్‌ఎస్‌డీ పెడ్తే రెప్ప కొట్టేలోపు ఆన్ అయితదంటివి. మూడు దినాలు చూసిన. నేను వాకిలి ఊడ్చి, దేవునికి అగరుబత్తి ముట్టిచ్చి వచ్చేదాంక ఆ సున్నా తిరుగుతనే ఉండె. పాతప్పటి లెక్కనే. ఇయ్యాల పొద్దుగాల డిస్కు సప్పుడు ఎక్కువైందంటె నువ్వే వచ్చి దాన్ని పీకినవ్. పీకంగనే ఈ నల్ల తెర. ఇప్పుడు చెప్పు, ఈ మూడు దినాలు నడిచింది ఏ డిస్కు?

తమ్ముడు జవాబివ్వలేదు. డబ్బా పక్కన పెట్టిన పాత డిస్కును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. పదకొండేండ్లు దుకాణం నడిపిన మనిషికి మదర్‌బోర్డు గురించి తెలియకపోవచ్చు. తన కంప్యూటర్ ఎంతసేపటికి లేస్తుందో ఆమెకంటే తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు.

తమ్ముడు: పాతదే అక్కా. పాతదే నడిచింది.

అక్క: అన్నం ఉడికిందా లేదా అంటె ఒక్క మెతుకు వట్టి చూస్తె చాలు. మెతుకు సీమల పుట్టినోళ్లం, గంత తెల్వదా. కని డిస్కుకు గట్ల చాలదన్నట్టు.

తమ్ముడు: చాలదు. ఫోల్డర్లు కనవడితె ఫైళ్లు వచ్చినయని అర్థం. లేచి నిలవడ్తదని కాదు. నేను చూసింది మెతుకే.

అక్క: సీ మొత్తం వచ్చినప్పుడు ఎందుకు లేవది?

తమ్ముడు: డబ్బా ఆన్ చెయ్యంగనే విండోస్ లెవ్వదక్కా. బోర్డు మీద బయోస్ అని ఒకటుంటది, మొదలు అది లేస్తది. దానికి విండోస్ ఎక్కడున్నదో తెల్వదు. డిస్కుల మొట్టమొదటి సెక్టారు, 512 బైట్లు, గంతే చదువుతది. దాంట్ల 446 బైట్లు చిన్న ప్రోగ్రాం, 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, ఆఖర్ల రెండు బైట్లు ముద్ర. ఆ ప్రోగ్రాం పట్టిక చూసి యాక్టివ్ పార్టిషన్ దిక్కు పంపుతది. నీ పాత డిస్కుల ఆ పార్టిషన్ సీ కాదు. సీకి ముంగట వంద ఎంబీది ఒకటి దాసుకొని ఉన్నది, దానికి అక్షరం ఉండది, మై కంప్యూటర్‌ల కనవడది. బూట్ మేనేజర్ దాంట్ల ఉంటది. విండోస్ ఫలానా డిస్కు, ఫలానా పార్టిషన్‌ల ఉన్నదని రాసుకున్న కాయిదం గుడ దాంట్లనే.

అక్క: నువ్వు సీ తెచ్చినవ్, దాన్ని తేలే.

తమ్ముడు: తేలే.

అక్క: పొలం తెచ్చి పహాణి పాత పట్వారి ఇంట్ల మర్సినట్టు.

తమ్ముడు: ఇంకోటి గుడ ఉన్నది. కొత్త డిస్కు పెట్టంగనే విండోస్ అడుగుతది, ఎంబీఆర్ కావాల్నా, జీపీటీ కావాల్నా అని. జీపీటీ కొత్తది గద అని గదే కొట్టిన. నీ బయోస్ ఏమో పాత పద్ధతిల సెట్ అయి ఉన్నది.

అక్కడ తప్పంతా కుర్రవాడిది కాదు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు విండోస్ దేనికేం కావాలో చెప్పదు. పార్టిషన్ల పట్టికతో ఉండే ఎంబీఆర్ 1983లో ఐబీఎం తెచ్చిన పీసీ ఎక్స్‌టీ కాలంది. అప్పట్లో ఆ యంత్రం హార్డ్‌డిస్కు 10 ఎంబీ. నాలుగు పార్టిషన్లకే దాంట్లో చోటు, రెండు టీబీ దాటితే లెక్క తప్పుతుంది. పాత బయోస్ ఇరుకు తట్టుకోలేక ఇంటెల్ తన ఐటానియం యంత్రాల కోసం కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతి మొదలుపెట్టింది, జీపీటీ దాని వెంట వచ్చింది. 2005లో ఆ పద్ధతిని కంపెనీలన్నీ కలిసి యూఈఎఫ్‌ఐ పేరుతో చేతికి తీసుకున్నాయి. యూఈఎఫ్‌ఐ మొదటి సెక్టారులోని ప్రోగ్రాంను పట్టించుకోదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన ఒక చిన్న పార్టిషన్ వెతికి, అందులోని బూట్ ఫైలును తెరుస్తుంది. విండోస్‌కు సంబంధించినంతవరకు జత కలవాలి. పాత బయోస్ పద్ధతికి ఎంబీఆర్, యూఈఎఫ్‌ఐకి జీపీటీ. అక్క కంప్యూటర్లో జత తప్పింది, ఆ చిన్న పార్టిషనూ లేదు. రెంటిలో ఏ ఒక్కటి జరిగినా నల్ల తెర రావడానికి చాలు.

అక్క: ఐతె తప్పు దొరికింది గద. మల్ల మొదటి నుంచి మంచిగ క్లోన్ చెయ్యి.

తమ్ముడు: గది మాత్రం చెయ్య. పాత డిస్కు సప్పుడు ఇన్నవా? మొన్న క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోల పెట్టి చూస్తె పసుపు రంగు వచ్చింది. సెక్టార్లు సదవరాక ఆగుతున్నయ్. దాన్ని మల్ల గంటలు గంటలు ఉరికిస్తె నడుమల సచ్చిపోతది. ఉన్న క్లోన్‌నే బాగు చెయ్యాలె.

అక్క: మరి పొద్దుగాల్నుంచి ఫార్మాట్, ఫార్మాట్ అంటివి!

తమ్ముడు: ఫార్మాట్ అన్నది కొత్తదాన్ని. పాతదాన్ని ఊకె తిప్పుడు ఇంకా తప్పు. అది సరే, నీ బ్యాకప్ ఏదక్కా? పదకొండేండ్ల పనంటివి, ఒక్క కాపీ అన్న ఉన్నదా?

అక్క: డీల పెట్టిన గద అంతా.

తమ్ముడు: సీ, డీ రెండు డిస్కులనుకున్నవా? ఒకే పళ్లెం మీద గీసిన రెండు గీతలు. పళ్లెం పోతె రెండూ పోతయ్.

నిజం చెప్పాలంటే ఈ మాట నాకూ తగిలింది. ముఖ్యమైనవన్నీ డీలో పెట్టుకో, విండోస్ పోయినా అవి ఉంటాయి అని మనకు నేర్పినవాళ్లు సగమే నేర్పారు. విండోస్ పాడైతే డీ మిగులుతుంది. డిస్కు పాడైతే ఏదీ మిగలదు. అక్క కాసేపు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు ఆమె గొంతు మారింది.

అక్క: తమ్మీ, సోమవారం క్లోన్ చేసినవ్. మంగళ, బుధ, నిన్న నేను చేసిన పాంప్లెట్లు ఎక్కడున్నయ్? డెస్క్‌టాప్ మీదనే పెట్టిన.

తమ్ముడు: నడిచింది పాతది గద. పాతదాని డెస్క్‌టాప్ మీదనే ఉంటయ్. ఎస్‌ఎస్‌డీల సోమవారం దాంకనే. క్లోన్ అంటె ఆ గడియకు తీసిన ఫోటో లెక్క.

అక్క: నువ్వు అన్నట్టు రెండూ ఫార్మాట్ కొట్టి ఉంటే?

తమ్ముడు: కాపీ చేస్తుంటి గదక్కా... ఏమో. సీ క్లోన్ అయింది గద అని డీ ఒక్కటే తీస్తుంటినేమో. గది నిజమే.

వాదనలో అక్క గెలిచిన చోటు అదేనని నాకనిపించింది. ఫార్మాట్ మంచిదా చెడ్డదా అనేది తర్వాతి మాట. ఏ డిస్కులో ఏముందో తేలకముందు దేన్ని చెరిపినా చీకట్లో చెయ్యి పెట్టినట్టే. అక్కణ్నుంచి పని క్రమం మారింది. తమ్ముడు పాత డిస్కును డబ్బాలో బిగించలేదు. యూఎస్‌బీ వైరుతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, మొదట మూడు రోజుల పాంప్లెట్లు, తర్వాత డీలోని పెండ్లి పత్రికలు, ఆఖరున మిగిలినవి ఒక బయటి డిస్కులోకి తీయడం మొదలుపెట్టాడు. డిస్కు ఎప్పుడు ఆగుతుందో తెలియనప్పుడు అవసరమైనవి ముందు తీయాలన్న తెలివి అతనిది. అక్క అయితే 'ఏ' అక్షరం నుంచి వరసగా మొదలుపెట్టేది.

కాపీ నడుస్తుండగా, క్లోన్ తర్వాత లేవని కంప్యూటర్లన్నిటికీ ఇదే రోగమా అని అడిగాను.

తమ్ముడు: కాదు సార్. మొదలు బయోస్‌ల డిస్కు కనవడుతుందా చూడాలె. కనవడకుంటె వైరు లూజు, లేకుంటె పవర్ అందలే. కనవడి నీలం తెర వచ్చి, బూట్ డివైస్ అందలేదంటె బయోస్‌ల సాటా మోడ్ మారి ఉంటది. చాన దుకాణాలల్ల రాత్రి మెయిన్ బంద్ చేసి పోతరు. అప్పుడు బోర్డు మీద బిళ్ల బ్యాటరీనే బయోస్‌ను కాయాలె. ఆ మూడు వోల్టుల సెల్లు అయిపోతె తారీఖు ఎనుకకు పోతది, సెట్టింగులు అన్నీ మొదటికి వస్తయ్. కొత్త ల్యాప్‌టాప్‌లల్ల బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతది, అది లేకుంటె దండం పెట్టుడే. ఇంకోటి, ఎంబీఆర్ డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేసి రెండూ పక్కపక్కన పెట్టిన్రనుకో, రెండిట్ల గుర్తు ఒకటే ఉంటది. ఇద్దరికి ఒకే ఆధార్ నంబరు ఉన్నట్టు. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసి కూసోవెడ్తది.

అక్క: గంత తెలిసి గుడ ఫార్మాటే అంటవు.

తమ్ముడు: అంట. ఇంకోటి చెప్పాల్నా? ఈ విండోస్ 10కు అక్టోబర్ 14తోటి సపోర్ట్ అయిపోయింది. పేరు నమోదు చేసుకుంటె 2026 అక్టోబర్ 13 దాంక సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తరు, గంతే. నీ బోర్డు 11కు పాస్ కాదు, ప్రాసెసర్ పాతది, టీపీఎం లేదు. నువ్వు వేలిముద్ర మిషన్ పెట్టి జనాల ఆధార్‌లు తిప్పుతున్న డబ్బా ఇది. పాత ఇంటిని ఉన్నదున్నట్టు లేపి కొత్త జాగల పెడ్తున్నవ్, చెదలతో సహా.

అక్క దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉందని నేనూ అనుకోను. సొంత ఫోటోలు పెట్టుకునే కంప్యూటర్ వేరు, ఊరి జనం వేలిముద్రలు తీసుకునే కంప్యూటర్ వేరు. అందులో తమ్ముడిదే న్యాయం. ఆ పనికి వేరే కంప్యూటర్ కొనాలి, పేజ్‌మేకర్‌ను ఈ పాతదాంట్లో ఇంటర్నెట్ వైరు లేకుండా ఉంచాలి. నేను ఆ మాటంటే అక్క నా వంక చూసి, "పైసలు నువ్విస్తవా సార్?" అంది.

రాత్రి ఎనిమిదికి కాపీ ముగిసింది. చదవరాని ఫైళ్లు కొన్ని తేలాయి, అదృష్టం కొద్దీ పాత సినిమాలు. తమ్ముడు పాత డిస్కును పక్కన పెట్టి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదాన్నే డబ్బాలో ఉంచి, బయోస్‌లో యూఈఎఫ్‌ఐ పద్ధతికి మార్చాడు. ఎక్కింది 64 బిట్ల విండోస్ కాబట్టి ఈ దారి పనికొచ్చింది. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ రెండు వరసల్లో కనిపించింది. ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంది. "ఇక్కడనే చానమంది తప్పు వరస ఒత్తుతరు" అంటూ దాన్నే ఒత్తాడు. నల్లటి కమాండ్ కిటికీలో డిస్కుల జాబితా తీశాడు. జీపీటీ గడిలో చుక్క ఉంది, పార్టిషన్ ఒక్కటే ఉంది. వాదించినదంతా ఆ రెండు గుర్తుల్లో కనబడింది. సీకి తగలకుండా, ఖాళీగా మిగిలిన చోట వంద ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాడు.

అక్క: ఆఖరికి ఫార్మాట్ కొట్టే తీరినవ్.

తమ్ముడు: వంద ఎంబీనే అక్కా, మొక్కు తీరింది.

ఆ తర్వాత బీసీడీబూట్ అనే ఒక్క ఆజ్ఞ. విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, బూట్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెబితే అది మిగిలింది చూసుకుంటుంది. కిటికీలో అక్షరాలు మారుతుంటాయి, సీ అనుకున్నది అక్కడ డీగా కనబడవచ్చు. అందుకని ముందు లోపల విండోస్ ఫోల్డర్ ఉందో లేదో చూసుకొని కొట్టాడు. పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేశాడు. అక్క అగరుబత్తి వైపు తిరిగేలోపే డెస్క్‌టాప్ వచ్చింది. పేజ్‌మేకర్ తెరిచి సోమవారం నాటి పెండ్లి పత్రిక తీసింది. ఒత్తులన్నీ తమ తమ చోట్లలో ఉన్నాయి.

అక్క: ఎంతైంది?

తమ్ముడు: ఏమొద్దు. క్లోన్ తప్పు నాది.

అక్క: తప్పుకు ఇయ్య. ఎతికినందుకు ఇస్త. ఐదొందలు తీస్కో.

తమ్ముడు: తీస్కుంట. కని రేపు ఇంకోలు డబ్బా తెస్తే ఫార్మాటే కొడ్త అక్కా, అబద్ధమెందుకు. అందరు నీ లెక్క కూసోరు, నాకు గుడ ఇల్లున్నది.

అక్క: కొట్టు. కొట్టే ముందట ఏ డిస్కు నడుస్తుందో చూసి కొట్టు.

పాత డిస్కును ఆమె పత్రికల కవర్లో వేసి, మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాసి, బీరువాలో పెట్టింది. నా ఆధార్ జిరాక్సు ఆ హడావుడిలో ఎటో పోయింది, మర్నాడు మళ్లీ తీయించుకున్నాను. మీ ఇంట్లోనో దుకాణంలోనో డిస్కు క్లోన్ చేయించి, పాతదాన్ని కూడా డబ్బాలోనే ఉంచి ఉంటే, ఒకసారి పాతదాని వైరు పీకి ఆన్ చేసి చూడండి. కరెంటు బంద్ చేసి పీకండి.